మొక్కుబడికీ ముక్తసరికీ ఇంగ్లీషులో ఏమంటారు: అరుదైన మాటలు పట్టుకునే పద్ధతి

బెంగళూరు మారతహళ్లిలోనో మహదేవపురలోనో పీజీ హాస్టల్లో ఉంటూ ఆఫీసుకు వెళ్లొచ్చే తెలుగువాళ్ల చెవిన రోజంతా ఇంగ్లీషు పడుతూనే ఉంటుంది. అయినా ఐదేళ్ల తర్వాత చూసుకుంటే, వాడే మాటలు ఉద్యోగంలో చేరిన రోజున్నవే. ఆఫీసు ఇంగ్లీషు ఇష్యూ, అప్‌డేట్, బ్లాకర్, డెడ్‌లైన్, ఫాలోఅప్ లాంటి గుప్పెడు మాటల చుట్టూ గానుగెద్దులా తిరుగుతుంది. గదికొస్తే తెలుగు, ఆటో ఎక్కితే కన్నడ. విన్నంత మాత్రాన పదసంపద పెరగదు, పనిగట్టుకుని పెంచుకోవాలి.

పనిగట్టుకున్నవాళ్లు చాలామంది పట్టే దారి లిస్టుల బట్టీ. జీఆర్ఈ కోసం సీనియర్లు వదిలిపోయిన మూడువేల మాటల పట్టిక తీసుకుని, ఎడమవైపు మాట, కుడివైపు అర్థం, రోజుకు యాభై. నిజానికి ఆ పరీక్షలోంచి వ్యతిరేక పదాలు, అనాలజీల ప్రశ్నలను 2011 ఆగస్టులోనే తీసేశారు. అప్పట్నుంచీ మాట వాక్యంలో ఎలా కూర్చుంటుందనేదే పరీక్ష. బట్టీ లిస్టులు మాత్రం ఇంకా చేతులు మారుతూనే ఉన్నాయి.

ఇక్కడ చెప్పే పద్ధతికి ఆయువుపట్టు ఒక్కటే. కొత్త ఇంగ్లీషు మాటను మరో తేలికపాటి ఇంగ్లీషు మాటకు కట్టకండి. మీకు చిన్నప్పట్నుంచీ తెలిసిన తెలుగు మాట ఛాయకు కట్టండి. సన్నసన్నని తేడాలు పట్టుకునే నేర్పు తెలుగులో మీకు ఇప్పటికే ఉంది. దాన్ని ఇంగ్లీషు వైపు మళ్లించడమే మిగిలిన పని.

ముందు మీ మట్టం చూసుకోండి

డెక్కన్ హెరాల్డ్ సంపాదకీయం ఒకటి తీసుకోండి. మొదటి రెండువందల మాటలు లెక్కపెట్టి, అర్థం తెలియని ప్రతి మాట కిందా గీత గీయండి. ఊహించగలిగినా సరే, ఖాయంగా తెలియకపోతే గీత గీయాల్సిందే.

గీతలు నాలుగు లోపుంటే మీరు నేరుగా అరుదైన మాటల్లోకి దిగొచ్చు. నూటికి 98 మాటలు తెలిసినప్పుడే మిగతా రెండింటి అర్థం సందర్భాన్నిబట్టి అందుతుందని పదసంపద మీద పనిచేసినవాళ్లు చెబుతారు. న్యూజిలాండ్ భాషావేత్త పాల్ నేషన్ 2006లో వేసిన లెక్క ప్రకారం, వార్తాపత్రికలూ నవలలూ ఆ స్థాయిలో చదవాలంటే ఎనిమిది నుంచి తొమ్మిది వేల పదకుటుంబాలు కావాలి. డిసైడ్, డెసిషన్, డిసైసివ్, ఇన్‌డిసైసివ్ నాలుగూ కలిపి ఒకే కుటుంబం, కాబట్టి ఆ అంకె చూసి బెదరనక్కర్లేదు.

గీతలు పది దాటితే అరుదైన మాటల జోలికి ఇప్పుడే పోవద్దు. భాషావేత్త అవెరిల్ కాక్స్‌హెడ్ 2000లో ప్రచురించిన 570 పదకుటుంబాల అకడమిక్ జాబితా ముందు పూర్తిచేయండి. పునాది లేకుండా పైఅంతస్తు కడితే, ఆబ్డ్యురేట్ తెలిసి కన్సిస్టెంట్‌కి స్పెల్లింగు రాని పరిస్థితి వస్తుంది. నాలుగుకూ పదికీ మధ్య ఉంటే సగం ఆ జాబితాలోంచి, సగం చదివినదాంట్లోంచి తీసుకోండి.

మాటలు ఏరడం

మీరు చదువుతున్నదాంట్లో ఎదురైన మాటే ఏరాలి. చర్చ్ స్ట్రీట్‌లో పాత పుస్తకాల దుకాణాలకు ఎంజీ రోడ్డు మెట్రో స్టేషన్ నుంచి నడిచే వెళ్లొచ్చు. కబ్బన్ పార్కులో ఎర్రభవనం, స్టేట్ సెంట్రల్ లైబ్రరీ ఉంది. వ్యాసాలు, ప్రయాణ కథనాలు, సమీక్షలు ఎక్కువగా చదవండి. సాంకేతిక పుస్తకాల్లో కొత్త పరిభాష దొరుకుతుందే తప్ప మనుషుల గుణాలను, స్థితులను చెప్పే మాటలు దొరకవు.

చదివేటప్పుడు ఆగి నిఘంటువు తెరవకండి. పెన్సిలుతో చుక్క పెట్టి ముందుకు సాగండి. చుక్కలన్నిటినీ చివర్లో మూడు కుప్పలు చేయండి. మీరే వాడగలిగేవి మొదటిది: మిటిగేట్, టెన్యుయస్, క్యాండిడ్, మెటిక్యులస్ లాంటివి. ఎదురైతే గుర్తుపడితే చాలనిపించేవి రెండోది: పుసిలానిమస్, ఆబ్‌స్ట్రెపరస్ లాంటివి. వదిలేసేవి మూడోది. వదిలేయడానికి మనసొప్పదు కానీ, ఈ కుప్ప పెద్దదైతేనే మొదటి కుప్ప బతుకుతుంది.

కుప్ప తేల్చుకోలేకపోతే ఒక చిట్కా ఉంది. నెలలో రెండు వేర్వేరు చోట్ల ఎదురైతే ఉంచండి, లేదంటే వదలండి. కొన్ని మాటలు వచ్చినట్టే వచ్చి పోతాయి. పని బెంగళూరుకు తరలిపోయి అమెరికాలో ఉద్యోగం పోయినవాణ్ని ఒకప్పుడు అక్కడివాళ్లు ‘బ్యాంగలోర్డ్’ అయ్యాడనేవారు. ఇప్పుడా మాట ఎక్కడా పెద్దగా వినబడదు. బ్యాండికూట్ మాత్రం నిలిచిపోయింది. అది మన పందికొక్కే, తెలుగులోంచి ఇంగ్లీషులోకి వెళ్లిన మాట.

లెక్క: వారానికి పది మాటలు. నాలుగు వాడడానికి, ఆరు గుర్తించడానికి. ఏడాదిలో యాభై వారాలు సాగినా ఐదువందలు, అందులో రెండువందలు మీ నోట పలికేవి. ఇది తక్కువనిపించి మొదటి వారమే నలభై ఎత్తుకుంటే అది ఆరంభశూరత్వమే. మూడో వారానికి మాటల కార్డుల పెట్టె మీద దుమ్ము పేరుకుంటుంది.

కార్డు: ఒక మాటను దగ్గర్నుంచి చూద్దాం

ఏరిన ప్రతి మాటకూ ఒక కార్డు రాసుకోవాలి. ఉదాహరణకు పర్‌ఫంక్టరీ అనే మాట తీసుకుందాం. చాలా పట్టికల్లో దీనికి ఎదురుగా ‘కేర్‌లెస్’ అని ఉంటుంది. ఫోన్లో అనువాదం అడిగితే ‘అజాగ్రత్త’ లాంటిదేదో వస్తుంది. రెండూ దారి తప్పించేవే. అజాగ్రత్తగా చేసినవాడు పని పాడుచేస్తాడు. పర్‌ఫంక్టరీగా చేసినవాడు పని చేశాడు, కాకపోతే అందులో మనసు పెట్టలేదు. అయిపోయిందనిపించాడు. దీనికి తెలుగులో అచ్చంగా సరిపోయే మాట ఉంది: మొక్కుబడి. మాట పుట్టుక చూసినా అంతే. లాటిన్‌లో ‘పని ముగించేసుకోవడం, వదిలించుకోవడం’ అనే క్రియ నుంచి వచ్చింది. ఫంక్షన్, డిఫంక్ట్ దీని తోబుట్టువులే.

కార్డు ముందువైపు మాట రాయకూడదు, ఖాళీ ఉన్న వాక్యం రాయాలి: ‘ద గార్డ్ గేవ్ మై బ్యాగ్ ఎ ______ గ్లాన్స్.’ మెట్రో స్టేషన్లో మీరు రోజూ చూసే దృశ్యమే కాబట్టి బొమ్మ కళ్లముందు నిలుస్తుంది. మాటను ముందు రాసి అర్థాన్ని వెనక రాస్తే గుర్తుపట్టడం మాత్రమే వస్తుంది, అవసరానికి నోటికి రాదు. రెండో కుప్ప మాటలకైతే అదే చాలు, వాటికి మాటే ముందు రాయండి.

వెనకవైపు రాయాల్సినవి:

- మాట, దాని స్పెల్లింగు, తెలుగు లిపిలో ఉచ్చారణ. ఊనిక పడే, అంటే ఒత్తి పలికే అక్షరం కింద గీత. ఇందులో ‘ఫంక్’ కింద.
- తెలుగు ఛాయ: మొక్కుబడిగా.
- జంటమాటలు మూడు: పర్‌ఫంక్టరీ గ్లాన్స్, పర్‌ఫంక్టరీ నాడ్, పర్‌ఫంక్టరీ అపాలజీ. చూపు, తలూపడం, క్షమాపణ, అంటే చిన్నచిన్న పనులకే ఎక్కువగా అంటుకుంటుంది.
- బరువు: కాస్త గంభీరమైన మాట, నింద ఉంది. రాతలో బాగుంటుంది, కాంటీన్‌లో ఎబ్బెట్టుగా ఉంటుంది.
- మీ సొంత వాక్యం ఒకటి, ఈ వారంలో నిజంగా జరిగిన సంగతి మీద.

జంటమాటలు, విభక్తి లాంటి చిన్న మాటలు రాయకుండా వదిలేయడమే అందరూ చేసే పెద్ద తప్పు. అవర్స్ (అయిష్టం ఉన్న) తర్వాత టు రావాలి, కాన్వర్సెంట్ తర్వాత విత్, బిరెఫ్ట్ తర్వాత ఆఫ్, ఇంపర్వియస్ తర్వాత టు. మిటిగేట్ తర్వాత ఏమీ రాకూడదు. ‘మిటిగేట్ అగైనెస్ట్’ అని రాశారంటే మిలిటేట్ అనే వేరే మాటతో కలగాపులగం చేశారన్నమాట. అర్థం సరిగ్గా తెలిసి ఈ చిన్న మాట దగ్గర తడబడితే, పెద్ద మాట వాడిన ఫలితమంతా పోతుంది.

తెలుగు ఛాయ ఎలా పట్టుకోవాలి

ముందు ఇంగ్లీషు-ఇంగ్లీషు నిఘంటువే చూడాలి, అదీ నేర్చుకునేవాళ్ల కోసం తయారైనది. అందులో నిర్వచనం తేలిక మాటల్లో ఉంటుంది, ఫార్మల్, లిటరరీ, డిసప్రూవింగ్ అని బరువు సూచించే గుర్తులుంటాయి. ఉదాహరణ వాక్యాలు మూడు నాలుగు చదివాక పుస్తకం మూసి, ఆ సందర్భాన్ని మీ ఇంట్లో జరుగుతున్నట్టు ఊహించుకోండి. ఇలాంటప్పుడు అమ్మ ఏమంటుంది? ఆ జవాబే తెలుగు ఛాయ. తట్టకపోతే ఆంధ్రభారతి నిఘంటు శోధనలో వెతకండి. అక్కడ బ్రౌణ్యంతో (సి.పి. బ్రౌన్ నిఘంటువుతో) సహా చాలా నిఘంటువులు ఒకేసారి కనిపిస్తాయి.

ఒక్కోసారి తెలుగు మాట ఇంగ్లీషులో రెండుగా చీలుతుంది. అసలు ఒడుపంతా ఈ చీలిక దగ్గరే దొరుకుతుంది కాబట్టి కాసేపు ఆగండి.

నాన్చడం చూడండి. పని నాన్చితే ప్రోక్రాస్టినేట్. జవాబు నాన్చి అసలు విషయం దాటేస్తే ప్రివారికేట్. ఇంగ్లీషు పుట్టుభాషగా ఉన్నవాళ్లు కూడా ఈ రెండింటినీ కలిపేస్తుంటారు. ‘ఏం నాన్చుతున్నాడు, పనా మాటా?’ అనే ప్రశ్న చేతిలో ఉంటే మీకు ఆ పొరపాటు రాదు.

ముక్తసరిగా మాట్లాడాడంటే అందులో విసుగు ఉండొచ్చు, ఉండకపోవచ్చు. విసుగుతో అయితే కర్ట్. విసుగేమీ లేదు, స్వభావమే పొదుపు అయితే లకోనిక్. పురాతన గ్రీసులో స్పార్టా ఉన్న ప్రాంతం లకోనియా, అక్కడివాళ్లు నాలుగు మాటలతో సరిపెట్టేవారని పేరు. మాట్లాడేదే తక్కువైనవాడు టాసిటర్న్. మాట్లాడగలడు కానీ తన సంగతులు బయటపెట్టనివాడు రెటిసెంట్.

చాదస్తానికీ రెండు కొమ్మలున్నాయి. పుస్తకంలో ఇలా ఉంది, నియమం ఇదీ అంటూ పట్టుకు వేలాడే చాదస్తం పెడాంటిక్. గిన్నె మళ్లీ కడుగు, దుప్పటి మడత సరిచెయ్యి అనే చాదస్తం ఫాస్టిడియస్. రెండోదాంట్లో కాస్త మెచ్చుకోలు కూడా ఉండొచ్చు, మొదటిదాంట్లో ఉండదు.

కొన్నిటికి జోడీ దొరకదు. మొహమాటం అలాంటిది. డిఫిడెంట్ అంటే తన మీద తనకు నమ్మకం చాలకపోవడం, బ్యాష్‌ఫుల్ అంటే సిగ్గు. ఎదుటివాళ్ల మొహం చూసి కాదనలేకపోవడానికి ఒక్క మాట లేదు, వాక్యమే కావాలి: ‘ఐ డిడ్ నాట్ హావ్ ద హార్ట్ టు రెఫ్యూజ్.’ బలవంతాన ఏదో ఒక మాట అతికించకుండా ఆ వాక్యాన్నే కార్డు మీద పెట్టండి.

ఒక హెచ్చరిక. పై గుంపులను ఇక్కడ పక్కపక్కన పెట్టింది తేడా చూపించడానికే. నేర్చుకునేటప్పుడు ఎక్కువ మాట్లాడేవాళ్లను చెప్పే గారులస్, లొక్వేషస్, వాల్యుబుల్ మూడూ ఒకే రోజు మొదలుపెడితే అవి ఒకదాన్నొకటి తొక్కేసుకుంటాయి. ఒకటి స్థిరపడ్డాకే దాని దగ్గరి చుట్టాన్ని తేవాలి, కనీసం మూడు వారాల ఎడంతో.

మీకు ముందే తెలిసిన మూలాలు

తెలుగు ద్రావిడ భాష. కానీ మనం రోజూ వాడే తత్సమాలు సంస్కృతానివి, సంస్కృతమూ గ్రీకూ లాటినూ ఒకే మూలభాష నుంచి వచ్చిన తోబుట్టువులు. ఈ పోలికను భాషాపండితుడు విలియం జోన్స్ 1786లో కలకత్తాలో ప్రకటించాడు. అందుకే లాటిన్ ధాతువుల పట్టిక కొనక్కర్లేదు, సగం పట్టిక మీ నోట్లోనే ఉంది.

జ్ఞా తీసుకోండి. జ్ఞానం, అజ్ఞానం, అజ్ఞాతం. ఇంగ్లీషులో అదే ‘గ్నో’. ఇగ్నొరెంట్, అగ్నాస్టిక్, ప్రాగ్నోసిస్, ఇన్‌కాగ్నిటో. పాండవుల అజ్ఞాతవాసం అక్షరాలా ఇన్‌కాగ్నిటో బతుకే. అనామకం, అనానిమస్ కూడా ముక్కముక్కా సరిపోతాయి: లేదు అనే ఉపసర్గ, పేరు అనే మాట. అమృతానికీ ఆంబ్రోసియాకూ మూలం ఒకటే. అగ్నిలోంచి ఇగ్నైట్ వైపు, యోగంలోంచి కాంజుగల్, సబ్జుగేట్ వైపు దారులున్నాయి. సబ్జుగేట్ అంటే కాడి కిందికి తేవడం. ఎడ్ల మెడ మీది కాడిని ఊహించుకున్నవాళ్లు ఈ మాట మర్చిపోరు.

ఉపసర్గలు ఇంకా లాభం. దుర్ అక్కడ డిస్, ‘వై’ అక్షరంతో రాసేది: డిస్టోపియా, డిస్పెప్టిక్. సు అక్కడ యు: యూలజీ, యుఫెమిజం. పరి అక్కడ పెరి: పెరిఫెరల్. ఉపరి అక్కడ హైపర్, సూపర్.

స్థా చూస్తే ఈ పద్ధతి లాభమూ ప్రమాదమూ రెండూ తెలుస్తాయి. స్థిరం, స్థితి అనుకుంటూ స్టేబుల్, ఆబ్‌స్టినేట్ దాకా సాఫీగా వెళ్తారు. రెస్టివ్ కూడా అక్కణ్నుంచే వచ్చింది, కదలకుండా మొరాయించే గుర్రాన్ని అనేవారు. కానీ ఇవాళ రెస్టివ్ అంటే కుదురుగా నిలవలేక అసహనంతో కదలాడుతున్న అని అర్థం. రెస్ట్ చూసి ‘విశ్రాంతిగా’ అనుకున్నారో, తలకిందులైనట్టే. మూలం గుర్తుపెట్టుకోవడానికి ఊతం మాత్రమే, అర్థం తేల్చాల్సింది నిఘంటువు.

ధ్వని పోలిక చూసి మోసపోయేవి ఇంకొన్ని. పాదం నుంచి పెడెస్ట్రియన్, ఇంపీడ్ సరే. పెడగాగీకి పాదంతో పనిలేదు, అది గ్రీకులో పిల్లవాడు అనే మాట. దేవుడికీ డీటీకీ చుట్టరికం ఉంది, థియాలజీకి లేదు. ఎనర్వేట్ అంటే ఎనర్జీ ఇవ్వడం కాదు, నీరసింపజేయడం. నాయిసమ్‌కి నాయిస్‌తో సంబంధం లేదు, అది కంపుకొట్టేది. పెనల్టిమేట్ అంటే అత్యుత్తమం కాదు, చివరిదానికి ముందుది.

తిరగేయడం

నేర్చినది ఎంత త్వరగా మరుపులో పడుతుందో జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త హెర్మన్ ఎబింగ్‌హౌస్ 1885లోనే తన మీద తాను ప్రయోగాలు చేసుకుని చూపించాడు. మందు, మర్చిపోబోయే ముందు ఒకసారి గుర్తుచేసుకోవడం.

కాగితం ఇష్టమైతే చెప్పుల డబ్బాలో ఐదు అరలు చేయండి. మొదటి అర రోజూ, రెండోది మూడు రోజులకు, మూడోది వారానికి, నాలుగోది పదిహేను రోజులకు, ఐదోది నెలకు. సరిగ్గా చెప్పగలిగితే కార్డు ముందు అరకు, తప్పితే ఎక్కడున్నా మళ్లీ మొదటి అరకు. సెబాస్టియన్ లైట్నర్ 1970ల్లో ప్రాచుర్యంలోకి తెచ్చిన ఏర్పాటు ఇది.

ఫోనే నయమనుకుంటే అంకి యాప్ ఉంది, ఆండ్రాయిడ్‌లో ఉచితం. వేసుకోగానే సెట్టింగుల్లోకి వెళ్లి రోజుకు ఇరవై కొత్త కార్డులు అని ఉన్నదాన్ని రెండుకు తగ్గించండి. ఇరవై అలాగే వదిలితే కొన్ని వారాలకే రోజూ నూట యాభైకి పైగా పాత కార్డులు తిరగేయాల్సి వస్తుంది, అక్కడే చాలామంది మానేస్తారు. ఎనిమిదిసార్లు తప్పిన కార్డుకు ఆ యాప్ ‘లీచ్’ అని పేరు పెడుతుంది. జలగే. మీ సమయాన్ని పీల్చే ఆ కార్డును మళ్లీ మళ్లీ చదవకండి. వాక్యం మార్చి కొత్తగా రాయండి, లేదా మూడో కుప్పలో పడేయండి.

వైట్‌ఫీల్డ్ నుంచి ఎంజీ రోడ్డు వైపు పర్పుల్ లైన్లో నిలబడి ప్రయాణించేటప్పుడు పదిహేను కార్డులు సులువుగా అయిపోతాయి. జవాబు చూసేముందు మనసులోనైనా మాట పూర్తిగా పలకాలి. ‘ఆ, తెలుసులే’ అని తిప్పేస్తే ఆ కార్డు చూసినట్టు కాదు.

పలకడం

తెలుగులో రాసినట్టే పలుకుతాం కాబట్టి ఇంగ్లీషునూ అలాగే చదివేస్తాం. హైపర్‌బోల్ అంటాం, అది హైపర్బలీ. ఎపిటోమ్ కాదు, ఎపిటమీ. అవ్రీ కాదు, అరై. ఇండిక్ట్ కాదు, ఇండైట్. సెగ్యూ కాదు, సెగ్వే. చదివి మాత్రమే నేర్చిన మాటల్లో ఈ తప్పు తప్పదు. అందుకే కార్డు రాసేరోజే నిఘంటువులో స్పీకరు బొమ్మ నొక్కి విని, విన్నది తెలుగు లిపిలో రాసుకోవాలి. ఊనిక మాత్రం మన లిపిలో కనబడదు, గీత గీసే తీరాలి.

వాడడం

మొదట రాతలో, తర్వాతే మాటలో. వారానికి నాలుగు మాటల్లో రెండింటిని నిజమైన ఈమెయిల్లోనో డాక్యుమెంట్లోనో పెట్టండి. ఒక పేరాకు ఒక్కటి మించొద్దు. కూరలో ఇంగువ ఎంత వేస్తారో అంతే.

తేలిక మాట చాలినచోట పెద్దది వద్దు. సర్వర్ పడిపోయినప్పుడు చాట్‌లో ‘ఆమిలియరేట్’ అని రాస్తే చదివేవాళ్ల పని ఆగుతుంది, అక్కడ ఫిక్స్ చాలు. కానీ నెలాఖరు నివేదికలో ‘ఈ మార్పు సమస్యను తీర్చలేదు, తీవ్రత తగ్గించింది’ అని చెప్పాలంటే మిటిగేట్‌ను మించింది లేదు. పెద్ద మాట ఒక వాక్యం అంత పని చేసినప్పుడే దానికి చోటు.

పొగడబోయి తిట్టే మాటలతో జాగ్రత్త. సింపుల్ డిజైన్ మెచ్చుకోలు, సింప్లిస్టిక్ డిజైన్ అంటే లోతు తెలియకుండా చేసిందని. ఫుల్సమ్ ప్రెయిజ్ అన్నది చాలామందికి మితిమీరిన ముఖస్తుతిగా వినబడుతుంది. డిసింటరెస్టెడ్‌ను జాగ్రత్తగా రాసేవాళ్లు స్వార్థం లేని, నిష్పక్షపాతి అనే అర్థంలో వాడతారు, ఆసక్తి లేదని చెప్పడానికి అన్‌ఇంటరెస్టెడ్ ఉంది. మనదేశంలో జవాబిస్తానని చెప్పడానికి వాడే రివర్ట్, బయటివాళ్లకు పాత స్థితికి మళ్లడంగా అర్థమవుతుంది.

ఆదివారం గంట

వారానికి ఒక గంట, ఈ ఒక్క అభ్యాసం. ఏదైనా తెలుగు కథలోంచి మనుషుల గురించి రాసిన పది వాక్యాల పేరా తీసుకోండి. నిఘంటువు లేకుండా ఇంగ్లీషులో రాయండి. ‘మొక్కుబడిగా తలూపాడు’, ‘నిష్ఠూరంగా చూసింది’, ‘అక్కసు వెళ్లగక్కాడు’ లాంటి చోట్ల చెయ్యి ఆగుతుంది. ఆగిన ప్రతిచోటా ఎర్ర చుక్క పెట్టండి.

తర్వాత పెట్టె తెరవండి. ఎర్ర చుక్కకు కావాల్సిన మాట మీ కార్డుల్లోనే ఉండి కూడా రాకపోతే, అది ఐదో అరలో ఉన్నా సరే, మొదటి అరకు తీసుకొచ్చి కొత్త వాక్యంతో మళ్లీ రాయండి. అసలు లేకపోతే రాబోయే వారం ఏరే పది మాటల్లో అదే మొదటిది. నిష్ఠూరంగా అన్నదానికి రిప్రోచ్‌ఫుల్, అక్కసుకు రాంకర్.